లోర్నా అడుగుతుంది

లోర్నా పెట్రీ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది వేలు పెట్టి చూపిస్తే, "అది మీ కుందేలు అయ్యుంటుంది, సరిగ్గా చూసుకోండి" అనేది. ఫ్రెడరిక్టన్ యూనివర్సిటీలో కంప్యూటర్ల విభాగం నేలమాళిగలో ఉండేది. అక్కడికి కొత్తగా వచ్చినవాళ్ళకి కాఫీ ఎక్కడ దొరుకుతుందో చెప్పి, ఆ తర్వాత చెప్పే సంగతి ఇదే.

ఆమె జీవితమంతా చూసుకున్నది ఒక్కటే పనిముట్టు. దాని పేరు గీటురాయి. 1988లో ఆమె, ఇంకో ముగ్గురు కలిసి మొదలుపెట్టారు. మిగతా ముగ్గురూ పెళ్ళిళ్ళు చేసుకుని, ఉద్యోగాలు మారి, ఎవరి దారిన వాళ్ళు పోయారు. లోర్నా, గీటురాయి మిగిలారు.

కంప్యూటర్లని నడిపించే యూనిక్సు వ్యవస్థ అంటే ఒక యంత్రం కాదు, ఒక వంశం. మొదట ఒక్కటే ఇల్లు. తర్వాత దాయాదులు పంచుకున్నారు, ప్రతి కంపెనీ తన వాటాకి తనకు తోచినట్టు గోడలు లేపుకుంది. పేరడిగితే అందరిదీ ఒకే గోత్రం. గడప దాటితే మాత్రం ఒకరింట్లో ఉప్పు డబ్బా ఉన్నచోట ఇంకొకరింట్లో కారం డబ్బా. ఒకచోట రాసిన ప్రోగ్రామును తీసుకెళ్ళి ఇంకోచోట కట్టబోతే, అంటే ఆ యంత్రానికి అర్థమయ్యేలా మార్చబోతే, మొదటి అడుగులోనే బోర్లాపడేది. అందుకని, కట్టడానికి ముందే ఆ యంత్రాన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడమే గీటురాయి పని. నీ దగ్గర ఏముంది, ఏం లేదు, ఏది వంకరగా ఉంది అని కనుక్కుని, దానికి తగ్గట్టు ప్రోగ్రామును సర్దిపెట్టేది.

అడగడంలో లోర్నా పెట్టిన సూత్రం ఒకటుంది. పేరు చూసి నమ్మకు, పని చేయించి చూడు. "నీకు ఫలానాది వచ్చా?" అని గీటురాయి ఎప్పుడూ అడగదు. నాలుగు వరసల బుల్లి ప్రోగ్రాము ఒకటి రాసి, "ఇదిగో, దీన్ని కట్టు చూద్దాం" అంటుంది. కడితే వచ్చినట్టు, కట్టకపోతే రానట్టు. యంత్రాలు కూడా మనుషుల్లాగే తమ గురించి తాము గొప్పలు చెప్పుకుంటాయని లోర్నాకి ముందే తెలుసు. ఈ ఒక్క సూత్రం మీద ఇరవయ్యేళ్ళు బండి నడిచింది.

ఇంకో ఆచారం కూడా ఆమె పెట్టిందే. దాన్ని హాజరు అనేవారు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ఒకటిన, అక్టోబరు ఒకటిన, కొత్త గీటురాయి విడుదలయ్యేది. ఒక్కొక్క రకం యూనిక్సుకి ఒక్కొక్క మనిషి బాధ్యుడు. వాళ్ళు తమ యంత్రం మీద దాన్ని నడిపి, ఎన్ని ప్రశ్నలకి సరైన జవాబు వచ్చిందో ఒక్క వరస రాసి పంపాలి. వరసగా రెండు హాజర్లు తప్పితే ఆ యంత్రాన్ని జాబితాలోంచి కొట్టేస్తారు. ఒక్కరు హాజరు పలికినా సరే, ఆ యంత్రాన్ని వదలడానికి వీల్లేదు. తొంభైలో నలభై ఒక్క యంత్రాలు పలికాయి. 2009కి అయిదు మిగిలాయి.

ఆ అయిదింట్లో ఒకటి బోరియాస్. దాన్ని చేసిన కంపెనీ తొంభై నాలుగులోనే మూతపడింది. పోతూ పోతూ అది తన షెల్లుని, అంటే ఆజ్ఞలు వినే భాగాన్ని, అర చెవితో వదిలేసి పోయింది. మిగతా షెల్లులన్నిటికీ ఫంక్షన్లు తెలుసు. ఒక పనికి ఒకసారి పేరు పెడితే, తర్వాత ఆ పేరు పిలిస్తే చాలు. బోరియాస్ షెల్లుకి అది రాదు. దానికోసం అవే యాభై అరవై వరసల్ని ఆరువందల చోట్ల మళ్ళీ మళ్ళీ రాయాలి. బోరియాస్ కూడా చదవగలిగేలా ఉండాలని గీటురాయి మొత్తాన్నీ అలాగే రాశారు. నలభై వేల వరసలయింది. అసలు ప్రోగ్రాము కట్టడానికి రెండు నిమిషాలు, దానికి ముందు గీటురాయి ప్రశ్నలకి పదకొండు నిమిషాలు. పెళ్ళికంటే పెళ్ళిచూపులు ఎక్కువసేపని జనం నవ్వుకునేవారు.

నవ్వినంతకాలం బాగానే ఉంది. నవ్వు మానేసినప్పుడే గొడవలు మొదలయ్యాయి.

ఎమెరిక్ ఆర్సెనో అని, లోర్నా పక్క బల్ల మీదే పనిచేసిన కుర్రాడు. కుర్రాడంటే ముప్ఫై దాటినవాడే, ఆమె కళ్ళకి కుర్రాడు. చెయ్యి తిరిగిన పనివాడు. ఆమె రాసింది రెండోసారి చదివే కన్ను అతనిదే. అందరి రాతలూ ఎర్ర పెన్నుతో దిద్దుతుందని ఆమెని టీచరమ్మా అని పిలిచేవాడు. 2006 వేసవిలో ఒకనాడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"టీచరమ్మా, ఒక్క మాట. కోప్పడకూడదు."

"కోప్పడే మాటే అన్నమాట. చెప్పు."

"ఫంక్షన్లు పెట్టేద్దాం. నలభై వేల వరసలు ఆరువేలకి దిగుతాయి. జనం కాఫీకి వెళ్ళి రావక్కర్లేదు, కప్పు ఎత్తేలోగా అయిపోతుంది."

"మరి బోరియాస్?"

"బోరియాస్ పోయి పన్నెండేళ్ళయింది! ఆ కంపెనీ పోయింది, దాన్ని కొన్న కంపెనీ కూడా పోయింది. వాళ్ళ ఆఫీసున్న చోట ఇప్పుడు పరుపులు అమ్ముతున్నారు. పోయిన నెల అటు వెళ్ళినప్పుడు చూసొచ్చా."

"పరుపు కొన్నావా?"

"వేళాకోళం కాదు."

"ఏప్రిల్లో హాజరు వచ్చింది, ఎమెరిక్. రెండువందల పన్నెండు ప్రశ్నలు, రెండువందల పన్నెండూ సరి. నీ యంత్రమే రెండు తప్పింది."

"ఒక్కడు! ప్రపంచం మొత్తానికి ఒక్కడు పంపుతున్నాడు!"

"ఒక్కడే కదా, సున్నా కాదు కదా."

"ఆ ఒక్కడూ దాంతో ఏం కడుతున్నాడో ఎప్పుడైనా అడిగావా?"

"హాజరు పంపుతున్నాడంటే కడుతున్నట్టే. అడిగేదేముంది?"

ఎమెరిక్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "ఒకడికి గొడుగు పట్టడం కోసం ఊరందర్నీ ఎండలో నిలబెట్టావు. నా వల్ల కాదు టీచరమ్మా" అని గది తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. వెళ్తాడని ఆమె అనుకోలేదు. పొమ్మననూ లేదు, ఉండమననూ లేదు. ఆ తాళంచెవి మూడేళ్ళు అక్కడే ఉంది.

అతని వెనక మిగతావాళ్ళూ ఒక్కరొక్కరే జారుకున్నారు. 2009 ఏప్రిల్లో ఒక ఉత్తరం వచ్చింది. రెండు వేల ప్రోగ్రాముల్ని ఒక్కచోట చేర్చి ఊరికే పంచిపెట్టే పెద్ద బృందం ఒకటుంది, గీటురాయిని ఇంకా వాడుతున్న పెద్ద దిక్కు వాళ్ళే. అక్టోబరు విడుదల లోపల దీన్ని తేలిక చేస్తారా సరే, లేకపోతే మేం వేరే పనిముట్టుకి మారిపోతాం అన్నారు. వాళ్ళు పోతే గీటురాయి పోయినట్టే. లోర్నాకి అది తెలుసు. ఆమెకి యాభై తొమ్మిదేళ్ళు, గీటురాయి తప్ప వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఏమీ లేదు. అయినా, "బోరియాస్ హాజరు పలుకుతోంది, మన్నించండి" అని జవాబు రాసింది.

బోరియాస్ అని రాసింది కానీ, ఆమె మనసులో ఉన్న పేరు అది కాదు. రెజాన్ ట్యుర్కాట్.

రెజాన్ ఉండేది గ్యాస్పే తీరాన లాన్స్-వెర్త్ అనే చిన్న ఊళ్ళో. అక్కడ చేపల పరిశోధన కేంద్రంలో యంత్రాలు చూసుకునేవాడు. ఎనభై తొమ్మిది నుంచి తొంభై ఎనిమిది దాకా ఈమెయిల్లో హాజరు వరస కింద ఉత్తరం కూడా రాసేవాడు. సముద్రం ఎప్పుడు గడ్డకట్టిందో, వాళ్ళమ్మ బఠాణీ సూపు ఎలా మాడ్చిందో, బోరియాస్‌ని ఫ్రెంచిలో ఏమేమి తిట్టాడో. లోర్నా ఫ్రెంచి నేర్చుకున్నదే ఆ తిట్లతో. ఇద్దరూ ఒక్కసారైనా కలుసుకోలేదు. తొంభై అయిదులో ఒకసారి మొర పెట్టుకున్నాడు. నీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పేసరికి ఈ ముసలిదానికి తొమ్మిది గంటలు పడుతోంది తల్లీ, జాలి చూపించు అన్నాడు. అప్పుడు లోర్నా తన సూత్రాన్ని తానే కాస్త వంచింది. "ఒకసారి చెప్పిన జవాబుల్ని ఒక ఫైల్లో దాచుకో. యంత్రం మారదు కదా, మళ్ళీ మళ్ళీ అడగడమెందుకు? దాచినవే చూపిస్తుంది" అని రాసింది. తొమ్మిది గంటల పని తొమ్మిది నిమిషాల్లోకి వచ్చింది. రెజాన్ ఆమెకి ఒక సీసా నిండా ఉప్పుచేప పంపాడు.

తొంభై ఎనిమిది మే నెలలో వచ్చింది ఆఖరి ఉత్తరం. ఒంట్లో అంత బాగా లేదనీ, హాజరు దానంతట అదే వెళ్ళేలా ఏర్పాటు చేశాననీ రాశాడు. కింద, "జూన్‌లో కేపలిన్ చేపలు ఒడ్డుకి కొట్టుకొస్తాయి, బకెట్లతో ఎత్తుకోవచ్చు. ఒకసారి రారాదూ?" అని ఉంది. లోర్నా అప్పుడు అక్టోబరు విడుదలలో పీకలదాకా మునిగి ఉంది. "విడుదల అయ్యాక వస్తా" అని రాసింది. ఆ తర్వాత ఉత్తరాలు లేవు. హాజరు మాత్రం టంచనుగా వచ్చేది. తను రానందుకు అతనికి కోపమొచ్చిందనుకుంది. ఆమెకీ అభిమానం అడ్డొచ్చింది. కోపం ఉంటే ఉండనీ, హాజరు పంపుతున్నాడు కదా, ఉన్నానని చెప్తున్నాడు కదా అనుకుంది. ఏటా రెండుసార్లు ఆ ఒక్క వరస చూసినప్పుడల్లా ఆ రోజంతా తేలిగ్గా ఉండేది. దాన్ని ప్రేమ అంటారని ఎవరైనా చెప్తే ఎర్ర పెన్నుతో కొట్టేసేది.

ఇక ఆ అక్టోబరు ఒకటి సంగతి.

సెప్టెంబరులో ఆమె పాత ప్రశ్న ఒకదాన్ని చక్కదిద్దబోయి, అందులోని బుల్లి ప్రోగ్రాము చివర ఒక బ్రాకెట్టు పోగొట్టింది. ఎమెరిక్ ఉంటే ఒక్క చూపులో పట్టేవాడు. లేడు కాబట్టి అది అలాగే విడుదలైపోయింది. పొద్దున్న పది గంటలకల్లా నాలుగు యంత్రాల నుంచి నాలుగు ఫిర్యాదులు వచ్చిపడ్డాయి. మీ నలభై ఆరో ప్రశ్న విరిగిపోయింది, మేం తప్పాం అని. లోర్నా తల పట్టుకుంది. పన్నెండింటికి అయిదో ఉత్తరం వచ్చింది.

బోరియాస్: అడిగినవి 212, సరి 212.

ఆమెకి మొదట నవ్వొచ్చింది. "చూశావా ఎమెరిక్, నా ముసలిది ఒక్కటే గట్టెక్కింది!" అని ఖాళీ కుర్చీతో పైకే అంది. అంటూ ఉండగానే నవ్వు ఆగిపోయింది. విరిగిన ప్రోగ్రామును ఏ యంత్రమూ కట్టలేదు. కట్టానని చెప్పిందంటే ప్రశ్న వినకుండానే చెప్పింది. దాచుకున్న జవాబు చదివింది. తొంభై అయిదులో తను చెప్పిన ఉపాయం. బోరియాస్‌ని అడిగే ప్రశ్నలు తొంభై ఆరు తర్వాత ఒక్కటి కూడా పెరగలేదు, కాబట్టి కొత్తగా జవాబు వెతుక్కునే అవసరమే దానికి రాలేదు.

రెజాన్‌కి ఉత్తరం రాసింది. "జవాబుల ఫైలు తీసేసి ఒకసారి నడుపుతావా? నువ్వెలా ఉన్నావు?" రెండో వాక్యం రాశాక చెయ్యి ఆగింది. పదకొండేళ్ళలో అతన్ని ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. గురువారం జవాబు లేదు. శుక్రవారం లేదు. శని, ఆది గడిచాయి. ఫోను చెయ్యొచ్చు. నంబరు దొరక్కపోదు. కానీ ఫోనులో వినలేని మాట ఏదో ఉందని ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. సోమవారం తెల్లవారుతూనే కారు తీసింది.

కాంబెల్టన్ దాటి మటాపీడియా లోయలోకి దిగేసరికి ఆకులు సగం రాలిపోయి ఉన్నాయి. వేట రోజులు. ఎదురొచ్చే ప్రతి మూడో ట్రక్కు ముందు భాగానా దుప్పి కొమ్ములు కట్టి ఉన్నాయి. దారిలో ఆగి కాఫీ, ఒక డోనట్టు కొనుక్కుంది, డోనట్టు తినలేదు. కోపంగా ఉంటాడు, నాలుగు తిడతాడు, నాకొచ్చిన తిట్లన్నీ అతనివే కదా, తిరిగి అప్పజెబుతాను అనుకుంటూ నడిపింది.

చేపల కేంద్రం తలుపు తెరవగానే ఉప్పు వాసన, మందుల వాసన కలిపి కొట్టాయి. రబ్బరు బూట్లు వేసుకున్న యాభయ్యేళ్ళ మనిషి చేపల పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. పేరు సొలాంజ్ అని కోటు మీద రాసి ఉంది.

"రెజాన్ ట్యుర్కాట్‌ని కలవాలండీ."

ఆ మనిషి పళ్ళెం మెల్లగా గట్టు మీద పెట్టింది. "మీరెవరు?"

"ఫ్రెడరిక్టన్ నుంచి వచ్చాను. నా పేరు లోర్నా."

సొలాంజ్ లోపలికి తిరిగి ఒక్క కేక పెట్టింది. "ఒసేయ్ మిషెలిన్! ఇలా రావే! లోర్నా వచ్చింది!"

లోపలినుంచి ఇద్దరాడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చి, గుమ్మంలో నిలబడి లోర్నాని కిందనుంచి పైకి చూశారు.

"నిజంగా మనిషేనే!" అంది మిషెలిన్.

"ఏమనుకోకండమ్మా," అంది సొలాంజ్. "ఇన్నాళ్ళూ మేం అదేదో ప్రోగ్రాము పేరనుకున్నాం."

"రెజాన్ ఎక్కడ?"

సొలాంజ్ ఒక కుర్చీ ఆమె వైపు జరిపింది. "మీకు తెలీదా? అయ్యో తల్లీ. రెజాన్ పోయి పదకొండేళ్ళయింది. తొంభై ఎనిమిది ఆగస్టు. ఊపిరితిత్తులు. ఇలా కూర్చోండి. మిషెలిన్, నీళ్ళు తీసుకురా."

లోర్నా కూర్చోలేదు. కూర్చుంటే లేవలేనని భయమేసింది. ఆగస్టు. అక్టోబరు విడుదలకి ఇంకా రెండు నెలలు ఉన్నప్పుడు. "యంత్రం?" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చినందుకు సిగ్గుపడింది.

"ఉందమ్మా. ఎలా ఆపుతాం?" సొలాంజ్ ముందు నడిచింది.

మెట్ల కింద, చేపలు దాచే ఫ్రీజరు పక్కన, బోరియాస్ గుర్రుగుర్రుమంటూ నడుస్తోంది. పసుపుపచ్చబడిపోయిన పెట్టె. దాని నెత్తిన ఒక కాగితం, దాని మీద పొరలు పొరలుగా టేపు. రెజాన్ చేతిరాతని లోర్నా అంతకుముందు చూడలేదు, కానీ గుర్తుపట్టింది. కుడివైపుకి వాలిపోయిన పెద్ద పెద్ద అక్షరాలు.

ఆపవద్దు. లోర్నా అడుగుతుంది.

"జూన్‌లో ఆసుపత్రికి వెళ్ళేముందు అంటించాడు," అంది సొలాంజ్. "లోర్నా ఎవరని అడిగేలోపలే అంబులెన్సు ఎక్కించేశారు. టేపు ఊడినప్పుడల్లా కొత్తది వేస్తున్నాం. మూడో సంవత్సరం ఈ మెట్లు పగలగొట్టి కట్టారు, మేస్త్రీలతో పెద్ద గొడవ. దీన్ని కదపడానికి వీల్లేదని నేను అడ్డంగా నిలబడ్డా. ఒకసారి మంచు తుఫానుకి మూడు రోజులు కరెంటు లేదు. జనరేటరు ఒక్కటే. దాని కరెంటు చేపల ఫ్రీజర్లకి, దీనికి. డైరెక్టరు ఆఫీసుకి కూడా ఇవ్వలేదు. చలికి వణుక్కుంటూ వచ్చి అడిగాడు, ఎవరా లోర్నా అని."

"మీరేమన్నారు?"

"అడుగుతుంది, అప్పుడు తెలుస్తుంది అన్నా."

"దీంతో ఇక్కడ ఏం కడతారు?"

"కట్టడమా? దీన్నెవరూ ముట్టుకోరమ్మా. శుక్రవారం దుమ్ము దులుపుతాం."

లోర్నా ముందుకి వంగింది. తెర మీద రెజాన్ పేరుతోనే తెరిచి ఉంది, అతను వదిలి వెళ్ళినట్టే. కీబోర్డు మీద కొన్ని అక్షరాలు అరిగి ఉన్నాయి, ఎక్కువగా తిట్లలో వాడేవి. జవాబుల ఫైలు ఎక్కడుందో ఆమెకి తెలుసు, పెట్టమన్నది తనే. దాన్ని తీసేసింది. మొన్న పంపిన విడుదలలో పోయిన బ్రాకెట్టు చేత్తో చేర్చి, గీటురాయిని మళ్ళీ నడిపించింది. తొమ్మిది గంటలు పడితే పట్టనీ, ఇక్కడే నిలబడతాను అనుకుంది. బతికున్నప్పుడు రాలేదు, కనీసం ఇతని యంత్రాన్నైనా ఒక్కసారి సరిగ్గా అడుగుతాను.

గీటురాయి ఏ యంత్రాన్నైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. ప్రోగ్రాములు కట్టే కంపైలరు నీ దగ్గర పనిచేస్తోందా? ఇదిగో, ఖాళీ ప్రోగ్రాము ఒకటి, కట్టి చూపించు.

బోరియాస్ కటకటలాడింది. చాలాసేపు లోపల ఏదో వెతుక్కుంది.

లేదు.

దాని కింద ఇంకో వరస. కంపైలరు అనుమతి గడువు 1998 డిసెంబరు 31తో ముగిసింది. అక్కడితో ఆగిపోయింది. రెండో ప్రశ్న దాకా కూడా వెళ్ళలేదు.

పదకొండేళ్ళుగా ఆ యంత్రం ఒక్క ప్రోగ్రాము కూడా కట్టలేదు, కట్టలేదు సరే, కట్టగలిగే స్థితిలోనే లేదు. దానికోసం నలభై వేల వరసలు. దానికోసం ఎమెరిక్. ఒక్క ఖాళీ ప్రోగ్రాము కట్టమని అడిగి ఉంటే ఆ జనవరిలోనే తెలిసేది. పేరు చూసి నమ్మకు అని ఊరందరికీ నేర్పిన మనిషి, ఏడాదికి రెండుసార్లు ఒక పేరు చూసి నమ్మింది. లోర్నాకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా ఎవరో తోడేసి ఖాళీ చేసినట్టుంది.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడి ఎమెరిక్‌కి ఫోను చేసింది. సముద్రం మీద గాలికి మాటలు సరిగా వినబడలేదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"బోరియాస్‌ని తీసేస్తున్నానోయ్. రెజాన్ పోయాడు."

"అయ్యో, టీచరమ్మా. ఎప్పుడు?"

"తొంభై ఎనిమిదిలో."

నవ్వుతాడేమో, నవ్వితే బాగుండును అనుకుంది. నవ్వలేదు.

"నువ్వన్నది నిజమే. నేను అడగలేదు. ఇక ఫంక్షన్లు పెట్టుకోవచ్చు. ఆరువేల వరసలన్నావు కదా. నీ తాళంచెవి బల్ల మీదే ఉంది. వస్తావా?"

"టీచరమ్మా..." అతని గొంతు మెత్తబడింది, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది. "శుక్రవారం వాళ్ళు మారిపోయారు. రెండు వేల ప్రోగ్రాములూ. నీకు ఉత్తరం కూడా రాశారు."

"చూళ్ళేదు. రెజాన్ జవాబు కోసం చూస్తున్నా."

"ఇప్పుడు ఎవరి కోసం పెట్టను చెప్పు? వాడేవాళ్ళెవరూ లేరు."

"ఒక్కడైనా ఉంటాడేమో."

అన్నాక ఆ మాట తనకే వినబడింది. ఎమెరిక్‌కీ వినబడి ఉంటుంది. "జాగ్రత్తగా ఇంటికెళ్ళు. చేరాక ఫోను చెయ్యి" అన్నాడు. సరేనంది.

లోపలికి వచ్చేసరికి వాళ్ళు బల్ల మీద బఠాణీ సూపు పెట్టి ఉంచారు. లోర్నా రెండు చెంచాలు తాగింది. రెజాన్ రాసినంత మాడు వాసనేం లేదు. ముగ్గురూ ఎదురుగా కూర్చుని ఆమెనే చూస్తున్నారు. ఏదో అడగాలని సొలాంజ్ తటపటాయించడం తెలుస్తూనే ఉంది. చివరికి అడిగేసింది.

"అంబులెన్సు ఎక్కేటప్పుడు కూడా అతనికి ఒకటే బెంగమ్మా, మీరు అడిగితే జవాబు లేకుండా పోతుందేమోనని. మేం ఆపకుండా ఉంచింది... మీకేమైనా పనికొచ్చిందా?"

ఇరవై ఒక్కేళ్ళుగా ఆమె వృత్తి ఒక్కటే, అబద్ధం చెప్పే యంత్రాల్ని పట్టుకోవడం. ఎదురుగా మూడు ముఖాలు. మేస్త్రీలకి అడ్డంగా నిలబడ్డ ముఖం, జనరేటరు దగ్గర చలిలో కాపలా కాసిన ముఖాలు.

"వచ్చింది," అంది లోర్నా. "చాలా పనికొచ్చింది. ప్రతిసారీ అడిగాను, ప్రతిసారీ సరిగ్గా చెప్పింది."

"చూశావుటే!" అని సొలాంజ్ మిషెలిన్ భుజం మీద ఒక్కటి వేసింది. ముగ్గురి కళ్ళూ తడిశాయి.

"ఇక ఆపేయొచ్చు. నాకు కావలసినవన్నీ అడిగేశాను."

మీరే ఆపండన్నారు వాళ్ళు. లోర్నా మెట్ల కిందకి వంగి, పెట్టె వెనక చెయ్యి పెట్టి తడిమి, మీట నొక్కింది. గుర్రుగుర్రు సన్నగిల్లి ఆగిపోయింది. పక్కన ఫ్రీజరు మోత మాత్రం ఉంది. ఇన్నేళ్ళూ ఆ రెండు మోతలూ కలిసి వినడం అలవాటయి, మిషెలిన్ ఎందుకో చెవి రుద్దుకుంది. సొలాంజ్ కాగితాన్ని టేపుతో సహా జాగ్రత్తగా పైకి లేపి లోర్నా చేతికిచ్చింది. అట్టలా దళసరిగా ఉంది.

కారు దాకా సాగనంపడానికి వచ్చింది సొలాంజ్. గులకరాళ్ళ ఒడ్డు ఖాళీగా ఉంది. "జూన్‌లో రావాల్సిందమ్మా మీరు. ఈ ఒడ్డంతా కేపలిన్లే, తెల్లగా. ఆ ఏడు ఆసుపత్రికి వెళ్ళకముందు రెజాన్ ఇంట్లో కిటికీ దగ్గర మంచం వేయించుకున్నాడు. ఎవరో వస్తారన్నాడు. మీరేనా?"

"నేనే."

"మరి రాలేదేం?"

"విడుదల అయ్యాక వద్దామనుకున్నా."

అదేమిటో సొలాంజ్‌కి తెలియదు. తెలియకపోయినా తలూపింది. "ఎప్పుడయింది మరి?"

"ఇరవై మూడుసార్లు అయింది," అంది లోర్నా. కారు తాళాలు ఏ జేబులో వేసుకుందో వెంటనే గుర్తు రాలేదు.